కత్తి గాటు ‘చిన్న దెబ్బ’ కాదు

సంపాదకులకు నమస్కారం.

మా వీధి కుళాయి దగ్గర జరిగిన గొడవలో ఒకాయన ముంజేతి మీద బోండాల కత్తి వేటు పడింది. కుట్లు వేశారు. ‘ఎముక విరగలేదుగా, చిన్న దెబ్బే, రాజీ పడండి’ అని పెద్దమనుషులు సర్దిచెప్పారు. ఇంటివాళ్లూ నిజమే అనుకున్నారు. చట్టం అలా చెప్పడం లేదు.

2024 జూలై 1 నుంచి అమల్లో ఉన్న భారతీయ న్యాయ సంహిత ప్రకారం చేత్తో కొట్టి గాయపరిస్తే 115(2) సెక్షన్, ఏడాది దాకా జైలు. మేజిస్ట్రేట్ అనుమతి లేనిదే పోలీసులు దర్యాప్తు చేయలేరు. అదే కత్తితో చేస్తే 118(1). మూడేళ్ల దాకా శిక్ష పడొచ్చు, పోలీసులు నేరుగా కేసు కట్టొచ్చు. ఎముకో పన్నో విరిగినా, 15 రోజులు రోజువారీ పనులు చేసుకోలేకపోయినా తీవ్ర గాయమే. ఆయుధంతో ఆ పని చేస్తే యావజ్జీవం దాకా వెళ్లొచ్చు. చంపాలనే ఉద్దేశం రుజువైతే గాయం చిన్నదైనా 109 కింద హత్యాయత్నమే.

అందుకే ఆస్పత్రిలో ‘ఏదో తగిలింది’ అనకూడదు. దేనితో కొట్టారో చెప్పి రాయించుకోవాలి. తర్వాత కోర్టులో ఆ గాయాల సర్టిఫికెట్టే కీలకం. ఎఫ్‌ఐఆర్ కాపీ ఫిర్యాదుదారుకైనా బాధితుడికైనా ఉచితంగా ఇవ్వాల్సిందే.

పెళ్లి ఊరేగింపులో సరదాకని తుపాకీ పేల్చి జనం ప్రాణాల మీదకి తెచ్చినా, 2019 సవరణ తర్వాత ఆయుధాల చట్టం కింద రెండేళ్ల దాకా జైలు ఉంది. ఇది చాలామందికి తెలియదు.

ప్రతి ప్రభుత్వ ఆస్పత్రి క్యాజువాలిటీ ముందు, ప్రతి పోలీస్ స్టేషన్ గోడ మీద ఈ సెక్షన్లను తెలుగులో రాయించాలని రెండు రాష్ట్రాల హోం శాఖలను కోరుతున్నాను.

– ఒక పాఠకుడు, తెనాలి