రాత్రి పదిన్నరకి ఫోన్ ఎత్తిన అక్కకి

ఆన్‌లైన్ మోసంలో పోయిన డబ్బులో 1,72,000 రూపాయలు నిన్న సాయంత్రం నా ఖాతాలో తిరిగి పడ్డాయి. నాలుగు నెలల పది రోజులు పట్టింది. మెసేజ్ చూసి వంటింట్లో నేల మీదే కూలబడ్డాను. సంతోషమో నీరసమో నాకే తెలియలేదు. ఒళ్లంతా ఇంకా నొప్పిగానే ఉంది, కానీ ఇవాళ రాయకపోతే ఇక రాయలేనేమో అనిపించింది.

నాకు ముప్పై ఎనిమిదేళ్లు. విడాకులై ఆరేళ్లయింది. కూకట్‌పల్లిలో ఉంటాను, ఒక కంపెనీలో అకౌంట్స్ చూస్తాను, ఎనిమిదేళ్ల పాప ఉంది. మ్యాట్రిమోనీ సైట్లలో రెండేళ్లు వెతికాను. విడాకులు అని పెట్టాక ఎలాంటి సంబంధాలు వస్తాయో ఆ దారిన వెళ్లినవాళ్లకి తెలుసు. యాభై దాటినవాళ్లు, మొదటి ఫోన్‌లోనే "పాపని మీ అమ్మగారి దగ్గర ఉంచుతారా" అని అడిగేవాళ్లు. అది విని విని విసిగిపోయి డేటింగ్ యాప్ వేసుకున్నాను. ఆ సంగతి అమ్మకి కూడా చెప్పలేదు.

అక్కడ ఒకతను పరిచయమయ్యాడు. తెలుగువాడినే, నార్వేలో ఆయిల్ రిగ్గు మీద ఇంజనీర్‌ని, భార్య పోయి మూడేళ్లయింది అన్నాడు. రెండో రోజుకే యాప్ వదిలి వాట్సాప్‌కి రమ్మన్నాడు. రోజూ పొద్దున్నే "పాపకి బాక్స్ కట్టావా, నువ్వేమైనా తిన్నావా" అని అడిగేవాడు. ఆరేళ్లలో నన్ను ఆ మాట అడిగినవాళ్లు లేరు. వీడియో కాల్ అంటే మాత్రం రిగ్గు మీద సిగ్నల్ ఉండదనేవాడు. ఐదో వారంలో ఒక ట్రేడింగ్ యాప్ లింకు పంపాడు. ముందు 30,000 పెట్టించాడు. అందులోంచి 4,000 నిజంగానే నా ఖాతాకి వచ్చాయి, దాంతో నమ్మకం కుదిరింది. తర్వాత 1,20,000. ఆ శనివారం రాత్రి తొమ్మిదికి 2,10,000 పంపాను, అది పాప పేరు మీద దాచిన డబ్బు. పంపిన పావుగంటకి, డబ్బు బయటికి తీయాలంటే ముందు టాక్స్ కట్టాలన్నాడు. నేను అకౌంట్స్ చేసేదాన్ని. టాక్స్ అలా కట్టరని నాకు తెలుసు. అప్పటికి గానీ కళ్లు తెరుచుకోలేదు.

చేతులు వణుకుతుంటే అతని ఫొటో గూగుల్ లెన్స్‌లో పెట్టి చూశాను. అదే మనిషి, వేరే పేరుతో, గోదావరి జిల్లాల్లో ఒక ఊళ్లో ఫిజియోథెరపీ క్లినిక్ నడుపుతున్నాడు. క్లినిక్ నంబరు ఉంది. అప్పుడు టైమ్ పదిన్నర. తిట్టడానికే చేశాను, దాచడమెందుకు.

ఆడగొంతు పలికింది, ఆయన భార్య. నేను అక్క అంటున్నది ఆవిడనే. "మీ ఆయన నాతో..." అని మొదలుపెట్టాను. నన్ను పూర్తి చేయనివ్వలేదు. "అమ్మా, డబ్బులు పంపావా? ఎంతసేపైంది?" అంది. గంటన్నర అన్నాను. "అయితే ఇప్పుడు ఏడవకు. తర్వాత ఏడుద్దువుగాని. ఇంట్లో ఇంకో ఫోన్ ఉందా?"

అక్క దగ్గర ఒక నోటుబుక్కు ఉంది. వాళ్లాయన ఫొటోలు ఎవరో దొంగిలించి వాడుకుంటున్నారట. నాకంటే ముందు ఆరుగురు ఆడవాళ్లు ఇలాగే ఆ నంబరుకి చేశారట, వాళ్ల వల్ల తెలిసినవన్నీ అందులో రాసుకుంది. అది చూస్తూ ఒక్కొక్కటే చెప్పింది. వాడికి అనుమానం రానీయకు, ఇప్పుడే బ్లాక్ చేయకు, చాట్ మొత్తం స్క్రీన్‌షాట్లు తీసుకో, లేకపోతే వాడు చెరిపేస్తాడు. బ్యాంకు మెసేజ్‌లో యూటీఆర్ నంబరు, అంటే ఆ డబ్బు పంపినదానికి గుర్తు నంబరు, చూసి కాగితం మీద రాసుకో. రెండో ఫోన్‌లో 1930 కొట్టు, అది సైబర్ మోసాల హెల్ప్‌లైన్. లైన్ బిజీ. మళ్లీ కొట్టు అంది. నాలుగోసారికి కలిసింది. ఆ మధ్యలో, "అన్నం తిన్నావా?" అని అడిగింది. లేదన్నాను. "పాప తిందా?" తిందన్నాను. "ఓ గ్లాసుడు మజ్జిగన్నా తాగు. నేను లైన్లోనే ఉంటాను."

వాడు ఐదు వారాలు నన్ను అడిగిన మాటే ఇదీ. ఆ మజ్జిగ గ్లాసు పట్టుకుని నేను ఏడ్చిన ఏడుపు జన్మలో ఏడవలేదు. అక్క ఫోన్ పెట్టేయలేదు. ఒంటిగంటకి, కంప్లయింట్ నంబరు నా ఫోన్‌కి వచ్చాక పెట్టింది.

ఈ ఫొటోల వల్ల ఆ ఇంట్లో జరిగినవి నాకు తర్వాత తెలిశాయి. ఒకావిడ తమ్ముళ్లని తీసుకొచ్చి క్లినిక్‌లో అందరి ముందు బావగారి కాలర్ పట్టుకుందట. వాళ్లమ్మాయి కాలేజీలో ఆ ఫొటోలు చేతులు మారాయట. అయినా ఆ ఫోన్ స్విచాఫ్ చేయకుండా రాత్రుళ్లు తన మంచం పక్కనే పెట్టుకుంటుంది. నన్ను చూస్తే చిరాకు వేయలేదా అని ఒకరోజు అడిగాను. "ఎందుకమ్మా? తోడు కావాలనుకున్నావు. నాకు ఇంట్లో ఉంది, నీకు లేదు" అంది. అక్క పేరు, ఊరు రాయొద్దంది, రాయడం లేదు.

ఇక మిగతావాళ్ల సంగతి. మొదటి స్టేషన్‌లో ఇది మా పరిధి కాదన్నారు. నేరం ఎక్కడ జరిగినా ఏ స్టేషన్‌లోనైనా ఫిర్యాదు తీసుకోవాలని చట్టం ఉంది, అది జీరో ఎఫ్ఐఆర్. ఆ మాట నేను చెప్పాల్సి వచ్చింది. "పిల్ల తల్లివి, నీకు ఈ యాప్‌లెందుకు" అన్నారు. దొంగ గురించి అడిగినవాటికంటే నా గురించి అడిగినవే ఎక్కువ. 1930 ఫిర్యాదు వల్ల వాడి ఖాతాలో ఆపిన డబ్బు నాదేనని కోర్టు ఆర్డర్ వచ్చాక కూడా బ్యాంకు నాలుగుసార్లు తిప్పింది, ప్రతిసారీ కొత్త కాగితం. ఆ డేటింగ్ యాప్‌వాళ్లకి ప్రొఫైల్ రిపోర్ట్ చేస్తే "మీ భద్రత మాకు ముఖ్యం" అని మెసేజ్ వచ్చింది. రెండు వారాలకి అదే ఫొటో ఇంకో పేరుతో కనిపించింది. ముందు పంపిన రెండు మొత్తాలూ పోయాయి, అవి రావు.

అమ్మకీ తమ్ముడికీ థాంక్స్. వాళ్లున్నారు కాబట్టే నిలబడ్డాను.

అక్క నన్ను మళ్లీ వెతకమంది. ఇద్దరం ఫోన్‌లోనే కూర్చుని యాప్‌లు చూశాం. బంబుల్ మొదట్లో అమ్మాయి ముందు మెసేజ్ పెడితేనే మాట కలిసే పద్ధతితో వచ్చింది, అక్కకి అది నచ్చింది. నాకు హింజ్ నచ్చింది. అందులో మనిషి రాసిన ఒక జవాబునో ఒక ఫొటోనో పట్టుకుని మాట మొదలుపెట్టొచ్చు, ఊరికే "హాయ్" అక్కర్లేదు. తెలుగువాళ్ల కోసమని ఐల్ అనే డేటింగ్ యాప్ వాళ్లు తెచ్చిన 'నీతో' గురించి కూడా అక్కే చెప్పింది. నేను పెట్టుకున్న షరతులు కొన్నే. మొదటి వారంలో వీడియో కాల్‌కి రాని మనిషితో రెండో వారం మాటల్లేవు. యాప్ వదిలి వాట్సాప్‌కి వెంటనే రాను. సెల్ఫీ వెరిఫికేషన్ గుర్తు ఉన్నా సరే, డబ్బు మాట వస్తే అక్కడితో ఆపేయడమే. కలిస్తే పగలు, నలుగురూ ఉండే చోట. మొన్న ఒకాయన్ని బంజారాహిల్స్ లామకాన్‌లో కలిశాను. టీ తాగాం, పాప గురించి నేనే చెప్పాను. ఎక్కడికి పోతుందో తెలియదు. వెళ్లేముందు అక్కకి లొకేషన్ పెట్టాను, వచ్చాక ఫోన్ చేశాను.

అయ్యో, 1930లో మాట్లాడిన అమ్మాయిని మరిచిపోయాను. నేను తడబడితే అంకెలు మళ్లీ మళ్లీ చెప్పించుకుంది, ఒక్కసారి కూడా విసుక్కోలేదు. పిటిషన్ రాసి ఫీజు తీసుకోని జూనియర్ లాయరుగారూ. కోర్టు రోజుల్లో పాపని స్కూల్ నుంచి తెచ్చిన ఎదురింటి ఆంటీ. ఆఫీసులో నా పని కూడా తనే చేసిన పక్క సీటు అబ్బాయి. కోర్టు దగ్గర జిరాక్స్ షాపతను, చిల్లర లేదంటే తర్వాత ఇవ్వమన్నాడు, ఆ ఇరవై రూపాయలు ఇంకా ఇవ్వలేదు.

ఇంకొకరు. అక్క నోటుబుక్కులో మొదటి పేజీలో ఉన్నావిడ. ఆమె తొమ్మిది రోజుల తర్వాత ఫిర్యాదు చేసింది, ఒక్క రూపాయి కూడా రాలేదట. వెంటనే 1930కి చేయాలని అక్కకి తెలిసింది ఆమె వల్లే. ఆమె పేరు అక్కకి కూడా గుర్తులేదు. అమ్మా, మీరెక్కడున్నా నా దండం.

అక్కా, రేపు పొద్దున ఫోన్ చేస్తాను. ఇప్పుడు పడుకుంటున్నాను.