జ్యోతి వెలిగించిన ఫొటో సరే, లోపల ఏం చెప్పారో కూడా రాయండి

సంపాదకుల వారికి నమస్కారం.

పోయిన నెల విశాఖపట్నంలో గుండె జబ్బుల నివారణ మీద రెండు రోజుల సదస్సు జరిగింది. మా పీహెచ్‌సీ డాక్టరమ్మగారు వెళుతూ నన్ను కూడా తీసుకెళ్లారు. పశ్చిమ గోదావరి జిల్లాలో 22 ఏళ్లుగా ఏఎన్ఎంగా చేస్తున్నాను. అలాంటి సదస్సుకు వెళ్లడం నాకదే మొదటిసారి.

తిరిగొచ్చాక మీ పత్రికలో ఆ వార్త చూశాను. జ్యోతి వెలిగిస్తున్న ఫొటో, శాలువాలు, వేదిక మీద కూర్చున్నవారి పేర్లు, చివర్లో గుండె ఆరోగ్యంపై ప్రజల్లో అవగాహన పెరగాలని వక్తలు కోరినట్టు ఒక్క వాక్యం. నాకు బాధేసింది. ఆ అవగాహన పెంచే మాటలే రెండు రోజులూ లోపలి హాళ్లలో చెప్పారు. వాటిలో ఒక్కటీ పేపర్లోకి రాలేదు.

బీపీ చూడటం సంగతే తీసుకోండి. దాని మీద ఒక గంట సెషన్ పెట్టారు. ఇన్నేళ్లుగా రోజూ చేసే పని, ఇందులో కొత్తగా చెప్పేదేముంటుంది అనుకుంటూ కూర్చున్నాను. వీపుకు ఆనుడు ఉండాలి, పాదాలు నేలకు ఆనాలి, చెయ్యి గుండె ఎత్తులో బల్ల మీద ఉండాలి, పట్టీ చొక్కా మీద కాకుండా చర్మం మీదే కట్టాలి. ముందు అయిదు నిమిషాలు ఊరికే కూర్చోబెట్టాలి. చూస్తున్నంతసేపూ మాట్లాడకూడదు, మాట్లాడితేనే పది పాయింట్ల దాకా పెరగొచ్చు. ఇవన్నీ ట్రైనింగులో విన్నవే. కానీ మా దగ్గర ఆనుడు లేని బెంచీ, వరుసలో ముప్పై మంది. పట్టీ కడుతూనే మనవరాలి పెళ్లి ఎప్పుడని నేనే పలకరిస్తాను.

వచ్చిన మర్నాడే కుర్చీ, బల్ల వేయించాను. ఎండలో నడిచొచ్చిన ఒక పెద్దావిడకు వచ్చీరాగానే చూస్తే పై అంకె 158. అయిదు నిమిషాలు కూర్చోబెట్టి, చెయ్యి బల్ల మీద పెట్టించి మళ్లీ చూస్తే 142. ఎక్కువే, మళ్లీ రమ్మన్నాను. కానీ 158కి, 142కి మాత్రల్లో తేడా ఉంటుంది కదా. ఇప్పుడు ఇళ్లలో కూడా బీపీ మిషన్లు కొనుక్కుంటున్నారు. ఈ నాలుగు ముక్కలు మీరు వేసుంటే అలాంటి ఇళ్లకెంత ఉపయోగపడేది!

ఇంకో సెషన్‌లో చైనా పల్లెల్లో జరిగిన ఉప్పు అధ్యయనం గురించి చెప్పారు. 600 ఊళ్లు, సుమారు 21 వేల మంది. అంతకుముందే పక్షవాతం వచ్చినవాళ్లు, లేదంటే 60 ఏళ్లు దాటి బీపీ ఉన్నవాళ్లు. సగం ఊళ్లవాళ్లు మామూలు ఉప్పే వాడారు. మిగతా సగం ఊళ్లకు నాలుగో వంతు పొటాషియం క్లోరైడ్ కలిపిన ఉప్పు ఇచ్చారు. దాదాపు అయిదేళ్లు చూస్తే, ఈ రెండో ఉప్పు తిన్నవాళ్లలో పక్షవాతం 14 శాతం తగ్గింది, చావులూ తగ్గాయి. 2021లోనే బయటికొచ్చిన ఫలితం ఇది. ఆవకాయ, ఎండుచేపలు లేనిదే ముద్ద దిగని మా ఊళ్లకు ఇంతకన్నా కావలసిన వార్త ఏముంటుంది? అయితే కిడ్నీ జబ్బు ఉన్నవాళ్లకు ఆ ఉప్పు ప్రమాదం. కొన్ని రకాల బీపీ మాత్రలు వేసుకునేవాళ్లూ డాక్టరును అడక్కుండా వాడకూడదు. సగం సగం తెలిస్తే చేటు చేసే విషయం ఇది. అందుకే వాట్సాప్‌లో కాకుండా పేపర్లో పూర్తిగా రావాలంటాను.

నన్ను కదిలించిన లెక్క వేరే ఉంది. 2003, 2004 సంవత్సరాల్లో మా గోదావరి జిల్లాల్లోనే 45 ఊళ్లలో ఏడాది పాటు ఎవరెవరు దేనివల్ల పోయారో ఆరా తీశారట. ఇంటింటికీ తిరిగి అడిగింది మాలాంటి ఆరోగ్య కార్యకర్తలే. వందలో 32 మంది గుండె, రక్తనాళాల జబ్బులతోనే పోయారు. ఇరవై ఏళ్ల కిందటి మాట. మా ఊళ్ల లెక్క నాకు విశాఖ వెళ్తే గానీ తెలియలేదు.

ఆ వందలో 32లాంటి చావే మా అన్నయ్యది కూడా. రొయ్యల చెరువులు చేసేవాడు. బీపీ మాత్రలు నేనే ఇచ్చేదాన్ని. మూడు నెలలు వేసుకుని, "నార్మల్‌కొచ్చేసింది కదే చెల్లాయ్, ఇంకెందుకు?" అని మానేశాడు. మాత్ర వేసుకుంటున్నందుకే నార్మల్‌లో ఉందని చెప్పాను. గట్టిగా చెప్పలేదేమోనని ఇప్పటికీ అనిపిస్తుంది. ఒక రాత్రి చెరువు గట్టు మీద ఏరేటర్లు చూసుకుంటుండగా గుండెల్లో బరువు, ఎడమ చెయ్యి లాగడం, ఒళ్లంతా చెమటలు. గ్యాస్ అనుకుని సోడా తాగి మకాంలో పడుకున్నాడు. తెల్లారాక దగ్గర్లో ఒకచోట గ్యాస్‌కే ఇంజెక్షన్ చేసి పంపారు. భీమవరం చేరేలోపే దారిలో పోయాడు. 48 ఏళ్లు. మన దక్షిణాసియా వాళ్లకు మొదటి గుండెపోటు మిగతావాళ్ల కన్నా అయిదారేళ్లు ముందే వస్తోందని 52 దేశాల్లో చేసిన అధ్యయనంలో తేలిందని ఆ హాల్లో ఎవరో చెబుతుంటే, నేను నోట్‌బుక్‌లో రాయడం ఆపేశాను.

డాక్టర్లకు కూడా ఒక మనవి. సెషన్లన్నీ ఇంగ్లిషులోనే జరిగాయి. మా డాక్టరమ్మగారు పక్కన కూర్చుని మెల్లగా తెలుగులో చెప్పబట్టి నాకు అర్థమయ్యాయి. రెండు రోజుల్లో ఒక్క గంట, ఒక్క హాలు ఏఎన్ఎంలకు, ఆశాలకు తెలుగులో పెట్టండి. మాత్రలు మానేసినవాళ్ల గడప తొక్కేది మేమే. వాళ్లు ఎందుకు మానేస్తున్నారో మేం చెబుతాం, ఏమని నచ్చజెప్పాలో మీరు చెప్పండి.

సంపాదకులుగారూ, ఇలాంటి సదస్సు మళ్లీ జరిగినప్పుడు మీ విలేకరిని ప్రారంభ సభ అవగానే వెళ్లిపోనివ్వకండి. టీ విరామం తర్వాత లోపలి హాళ్లలో సెషన్లు మొదలవుతాయి. సాయంత్రం దాకా ఉండమనండి.

ఇట్లు,
ఒక ఏఎన్ఎం,
పశ్చిమ గోదావరి జిల్లా.