పాకం సంగతి చెప్పాలిరా

ఒరేయ్ చీమా,

నీ ఉత్తరం వచ్చి రెండు నెలలైంది, ఎన్ని తిట్లు తిట్టినా పడతాను. ఇక్కడ అందరం బాగున్నాం, పెద్దదానికి పరీక్షలు, నాన్నకి బీపీ తగ్గింది, ఇంటికి రంగులు వేయించాం, అంతే. అసలు సంగతి వేరే ఉంది, అది నీకు చెప్తే గానీ నాకు నిద్ర పట్టేలా లేదు.

సంక్రాంతికి అరిసెలు చేశాన్రా. నేనే. అమ్మ పోయాక మూడేళ్ళూ కొన్న అరిసెలే. ఎవరం ఏమీ అనేవాళ్ళం కాదు గానీ ఆ డబ్బా శివరాత్రి దాకా అలాగే ఉండిపోయేది. ఈసారి అమలాపురం వెళ్ళి చిన్నమ్మమ్మని రాజమండ్రి తీసుకొచ్చేశాను. 86 ఏళ్ళు, చూపు దాదాపు పోయింది. "కళ్ళు లేనిదాన్ని నేనేం చేస్తానురా" అంది. "నువ్వు కూర్చుని చెప్పు అమ్మమ్మా, చేసేది నేను" అన్నాను.

మొదటిరోజు కొట్లో కొన్న బియ్యప్పిండి ముందు పెడితే చిటికెడు తీసి వేళ్ళ మధ్య నలిపి, "ఇది పిండి కాదు, ముగ్గు" అని గిన్నె పక్కకి నెట్టేసింది. పొడి పిండైతే పాకమంతా తాగేసి అరిసె బీటలు వారుతుందట. మళ్ళీ కొత్త బియ్యం తెచ్చి ఒక పగలూ ఒక రాత్రీ నానబోసి, మధ్యలో నీళ్ళు మార్చి, వడేసి, తడి బియ్యం ఆడే మర దగ్గర గంటన్నర లైన్లో నిలబడ్డాను. జల్లించిన పిండి ఆరిపోకుండా గిన్నెలో నొక్కిపెట్టి తడిగుడ్డ కప్పమంది. కొలత అడిగితే "మానెడు బియ్యానికి మూడు సోలల బెల్లం కోరు" అంది, కిలోల్లో చెప్పమంటే రాదు. నాలుగు సోలలు మానెడు కదా, అంటే ముప్పావు వంతన్నమాట. అమ్మ సోల అటక మీద దొరికింది. అడుగున ఆ సొట్ట అలాగే ఉందిరోయ్! అది ఎవరి పుణ్యమో నేను ఇప్పటికీ ఎవరికీ చెప్పలేదు, నిశ్చింతగా ఉండు.

ఇక పాకం. పళ్ళెంలో నీళ్ళు పోసి ఆవిడ ఒళ్ళో పెట్టాను. గరిటెతో ఒక చుక్క వేస్తే నీళ్ళలోకి చెయ్యి పెట్టి వెతుక్కుని, "జారిపోతోంది, ఇంకా" అంది. రెండోసారీ "ఇంకొంచెం". నాకేమో టెన్షన్, బుడగలు పెద్దవవుతున్నాయి, ముదిరిపోతుందేమోనని. మూడోసారి ఆ చుక్క వేళ్ళకి ఉండలా దొరికింది. మెత్తగా, నొక్కితే ఒదిగే ఉండ. బొటనవేలితో అటూ ఇటూ దొర్లించి "దించు, దించెయ్, ఇంక ఆగావంటే రాళ్ళే" అని అరిచింది. దించి, యాలకులపొడి, నెయ్యి వేసి, ఒకచేత్తో పిండి పోస్తూ ఒకచేత్తో తిప్పుతుంటే భుజాలు పడిపోయాయి. ఇన్నేళ్ళు అమ్మ ఇది ఒక్కత్తే చేసింది, మనం గుమ్మంలో కూర్చుని ఎప్పుడవుతాయని గోల...

అప్పుడు జరిగిందిరా. చిన్నమ్మమ్మ తడుముకుంటూ గిన్నెలోంచి కాస్త చలిమిడి తీసి, నేతిలో ముంచి, నా వైపు చెయ్యి చాపింది. "ఇంద, తినవే. నూనె పెట్టకముందే తినెయ్, తరవాత అడిగితే ఇవ్వను."

తినవే అంది. నన్ను కాదు, అమ్మని. అమ్మ చిన్నప్పుడు వేసవి సెలవులకీ, పండగలకీ ఆవిడ దగ్గరే ఉండేదని నీకు తెలుసుగా. నేను అమ్మమ్మా, నేను, అని చెప్పలేదు. నోరు తెరిచి పెట్టించుకున్నాను. మా ఆవిడ అటు తిరిగి మూకుడు పొయ్యి మీద పెట్టింది. ఆ వేడి ముద్ద నోట్లో ఉండగా నాకు అమ్మ ఏడెనిమిదేళ్ళ పిల్లలా, రెండు జడలతో... సరే వదిలెయ్, నాకు రాయడం రావట్లేదు.

43 వచ్చాయి. మొదటి రెండూ నూనెలో విచ్చుకుపోయాయి, మిగతావన్నీ నిలిచాయి. చెక్కల మధ్య పెట్టి నూనె ఒత్తే పని పెద్దది చేసింది. నాలుగు రోజుల్లో డబ్బా ఖాళీ!

నీకు పంపడానికి నిన్న మళ్ళీ చేశాను. ఈసారి పాకం నా వేళ్ళతో నేనే చూశాను. చిన్నమ్మమ్మ పక్కనే కూర్చుంది గానీ పళ్ళెంలో చెయ్యి పెట్టలేదు, "నీకు తెలుస్తుందిలే" అంది. తెలిసిందిరా!

పొలం కాగితాల సంగతి విడిగా రాస్తాను. కొరియర్ వాళ్ళు ఆరింటికి మూసేస్తారు, డబ్బా ఇంకా కట్టనే లేదు. ఇరవై పెట్టాను. అందులో మూడు వేరే కాగితంలో చుట్టాను, అవి ఎవరికో, మూడే ఎందుకో నీకు చెప్పక్కర్లేదు. అయిదున్నర అయిపోయింది, పరిగెత్తాలి, ఉంటాన్రా