విన్నదే రాశాను, నాన్నగారూ

క్లీవ్‌లాండ్,
ఏప్రిల్ 26

నాన్నగారికి నమస్కారాలు.

మీ ఉత్తరం అందింది. అమ్మ మోకాళ్ల నొప్పి తగ్గుముఖం పట్టిందన్నారు, మనసు కుదుటపడింది. మిగతా సంగతి ఫోనులో మాట్లాడితే తొందరపడి ఏదైనా అంటానేమోనని కాగితం మీద పెడుతున్నాను.

ఇక్కడ పాడిన అమ్మాయి కచేరీ మీద నేను రాసిన విమర్శ చూసి, ఆమె తల్లిదండ్రులు మన ఇంటికి వచ్చి బాధపడ్డారని రాశారు. విజయనగరం పిల్ల ఇంత దూరం వచ్చి పాడితే, అదే ఊరి మనిషి తప్పులు వెతకడమేమిటని అడిగారట. "నాలుగు మంచి మాటలు రాస్తే నీ సొమ్మేం పోతుంది" అని మీరూ అన్నారు. మంచి మాటలు రాశాను నాన్నగారూ. గొంతులో శ్రుతిశుద్ధి ఉందని రాశాను. కచేరీ మొదట్లో పాడిన వర్ణం రెండు కాలాల్లోనూ తొణకలేదని రాశాను. తోడి రాగం గురించి రాసింది మాత్రం మార్చను.

ఆ రోజు ఏం జరిగిందో మీకు చెప్పాలి. తోడిలో గాంధారాన్ని, ఆ 'గ' స్వరాన్ని, కదపకుండా నిలబెట్టకూడదని మీకు నేను చెప్పనక్కర్లేదు. అది పక్క స్వరాలైన రిషభానికీ మధ్యమానికీ నడుమ ఊగాలి. ఆ ఊపు పోతే రాగమే పోతుంది. ఆమె దాన్ని నిలువుగా పట్టుకుని గబగబా పైకి వెళ్లిపోయింది. కింది స్వరాలుండే మంద్రస్థాయి వైపు తొంగి చూడనైనా లేదు. పై 'స', తారషడ్జం అందుకోగానే హాలంతా చప్పట్లు. ఆ చప్పట్ల కోసం మళ్లీ మళ్లీ అక్కడికే వెళ్లింది. వయొలిన్ మీద ఉన్న పెద్దాయన తన వంతు రాగానే కిందికి దిగారు. మంద్ర ధైవతం దగ్గర కాసేపు ఆగి, నెమ్మదిగా పైకి వచ్చి, గాంధారాన్ని ఎలా ఊపాలో అలా ఊపి వినిపించారు. చప్పట్లు పడలేదు. ఆ పిల్ల అప్పుడు మంచినీళ్లు తాగుతూ, తర్వాత పాడబోయే కీర్తన కాగితం చూసుకుంటోంది. నన్ను బాధపెట్టింది అదే. ఎదురుగా పాఠం నడుస్తుంటే వినలేదు. ఇవన్నీ ఉన్నవి ఉన్నట్టే రాశాను. ఆమెకు శక్తి లేదనుకుంటే ఇంత వివరంగా రాసేదాన్నే కాదు.

ఇక్కడ సంగీతం గురించి రాయడం ఎంత ఇబ్బందో మీకు ఎప్పుడూ చెప్పలేదు. మన ఊళ్ల నుంచి వచ్చే కళాకారులు చాలావరకు మనవాళ్ల ఇళ్లలోనే దిగుతారు. ఒకరు వంట చేస్తారు, ఒకరు కారులో తిప్పుతారు, ఒకరు టికెట్లు అమ్ముతారు. పొద్దున్న ఇడ్లీ పెట్టిన చేత్తో రాత్రి విమర్శ రాయడం ఎవరికైనా కష్టమే. అందుకే రాయవలసిన కచేరీ అయితే ముందుగా ఎవరినీ ఇంటికి పిలవను. విద్వాంసుడికి భోజనం పెట్టకపోవడం ఏమిటని అమ్మ నొచ్చుకుంటుందని తెలుసు. రాయడం అయిపోయాక పిలుస్తాను. కొందరు వస్తారు, కొందరు రారు. వచ్చినవాళ్లతో తెల్లవారేదాకా మాట్లాడిన రాత్రులున్నాయి.

1978 నుంచి ఈ ఊళ్లో త్యాగరాజ ఆరాధన జరుగుతోంది. తిరువయ్యారులో లాగా జనవరిలో పెడితే మంచులో ఎవరూ రాలేరు కాబట్టి ఈస్టర్ సెలవుల నాటికి మొదలుపెడతారు. వందల మంది కూర్చుని నాట, గౌళ, ఆరభి, వరాళి, శ్రీరాగాల్లో పంచరత్నాలు పాడుతుంటే నేను రాసుకునే పుస్తకం మూసేసి వాళ్లతో గొంతు కలుపుతాను. అది విమర్శించే చోటు కాదు. ఆ తర్వాతి కచేరీలకు మళ్లీ పుస్తకం తెరుస్తాను. పాట ఆగి మృదంగం ఒక్కటే మోగే తని ఆవర్తనం మొదలవగానే సగం మంది కాఫీకి లేస్తారు. నేను కదలను. మృదంగం వాయించే మనిషి సాయంత్రమంతా ఎదురుచూసేది ఆ కాసేపటి కోసమే.

ఇదే ఊళ్లో జరిగిన మరొకటి చెబుతాను. ఇక్కడి పేరుపొందిన ఆర్కెస్ట్రా గురించి 'ప్లెయిన్ డీలర్' పత్రికలో డొనాల్డ్ రోజెన్‌బర్గ్ ఏళ్ల తరబడి రాశారు. సంగీత దర్శకుడు ఫ్రాంజ్ వెల్సర్ మోస్ట్ పని తీరును పదే పదే విమర్శించారు. 2008లో పత్రిక ఆయనను ఆ ఆర్కెస్ట్రా గురించి రాసే పని నుంచి తప్పించింది. ఆయన కోర్టుకు వెళ్లారు, 2010లో ఓడిపోయారు. ఆయన తీర్పులన్నీ నాకు నచ్చాయని అనను. కానీ ఒక కచేరీ ఎలా ఉందో చెప్పినందుకు ఆ కచేరీలే దూరమైతే ఆ మనిషికి ఎలా ఉంటుందో నాకు తెలుసు. నాకు ఉద్యోగం వేరే ఉంది, పగలు ఆసుపత్రి లెక్కలు చూసి రాత్రి రాసుకుంటాను. నన్ను తీసేసేవాళ్లు లేరు. ఆ మాత్రం స్వేచ్ఛ ఉన్నప్పుడు కూడా మొహమాటానికి రాస్తే ఎలా?

పైగా మన ఊరికి తీర్పు చెప్పడం కొత్త కాదు. 1919లో మహారాజా వారి సంగీత కళాశాల పెట్టినప్పుడు ద్వారం వెంకటస్వామి నాయుడు గారు చేరడానికి వస్తే, ఆయన వాద్యం విని, విద్యార్థిగా కాకుండా వయొలిన్ ఆచార్యుడిగానే తీసుకున్నారు. అప్పటికి ఆయనకు 26 ఏళ్లు. ఆదిభట్ల నారాయణదాసు గారు అధ్యక్షులుగా ఉన్న కళాశాల అది. మొహమాటాలకు పోయేవాళ్లయితే నాయుడు గారు బల్ల మీద కూర్చుని మొదటి పాఠం చదివేవారు.

మీరు నన్ను గొల్లపల్లి తీసుకెళ్లినప్పటి సంగతి గుర్తుందా? బొబ్బిలి వీణ చేసే ఇంట్లో అరుగు మీద కూర్చున్నాం. పనస దుంగలోంచి ఒకే ముక్కగా తొలిచిన వీణ. మైనం వాసన. ఆ పెద్దాయన మేళం కడుతున్నారు, మైనంలో మెట్లు నిలబెడుతున్నారు. తంతి మీటి, తల వంచి విని, మైనం ఇంకా మెత్తగా ఉండగానే బొటనవేలితో మెట్టును వెంట్రుకవాసి జరిపేవారు. మళ్లీ మీటేవారు. 24 మెట్లకూ అంతే. కొనడానికి దూరం నుంచి వచ్చినాయన రైలు వేళవుతోందని, బాగానే పలుకుతోంది కదా ఇచ్చేయమని తొందరపెట్టారు. పెద్దాయన ఒక్క మాటా అనకుండా ఆ మెట్టును ఊడదీసి మైనం మళ్లీ కాచారు. కొనేవారు రైలు వదులుకున్నారు. నేను రాయడానికి కూర్చున్నప్పుడు ఆ బొటనవేలే జ్ఞాపకం వస్తుంది.

ఇంకో మాట. కచేరీ నుంచి అయ్యకోనేరు గట్టు మీదుగా నడిచి వచ్చేటప్పుడు నేను "బాగుంది" అంటే మీరు ఊరుకునేవారు కాదు. "ఏది బాగుంది?" అని అడిగేవారు. చెప్పలేకపోతే ఇల్లు చేరేవరకూ మాట్లాడనిచ్చేవారు కాదు. ఇప్పుడు అందరూ అద్భుతం, అమోఘం అంటారు. ఏది అని అడిగేవాళ్లు లేరు. శాలువాలకు మాత్రం కొదువ లేదు. ఆ పిల్లకు ఇక్కడ మూడు శాలువాలు కప్పారు, తోడి గురించి ఒక్కరూ మాట్లాడలేదు.

వాళ్లు మళ్లీ వస్తే కూర్చోబెట్టి కాఫీ ఇవ్వండి. నా తరఫున క్షమాపణ మాత్రం చెప్పవద్దు. అమ్మాయిని ఒక సాయంత్రం రమ్మని మీ దగ్గరున్న ద్వారం వారి రికార్డులు వినిపించండి. ఏమీ చెప్పకండి, ఏది బాగుందని అడగండి, చాలు. సిరిమానోత్సవానికి వస్తున్నాను. తనకు ఇష్టమైతే మన ఇంట్లోనే తంబురా పెట్టి తోడి పాడమనండి, ఎంతసేపైనా వింటాను. బాగా పాడితే అదీ రాస్తాను.

మీకు ఎడమ చెవి సరిగా వినబడటం లేదని అమ్మ చెప్పింది. మీరు ఉత్తరంలో ఒక్క ముక్కా రాయలేదు. విశాఖపట్నంలో పరీక్ష చేయించమని తమ్ముడికి రాశాను, డబ్బు కూడా పంపాను. వాడు వచ్చి బయలుదేరమంటే కాదనకండి.

ఇట్లు,
మీ అమ్మాయి