సర్టిఫికెట్ వచ్చింది, అడగడం రాలేదు

సంపాదకులకు నమస్కారం.

పోయిన వారం మీ జిల్లా పేజీలో ఎజైల్ (సాఫ్ట్‌వేర్‌ను కొద్దికొద్దిగా చేసి, వాడేవాళ్లకు చూపిస్తూ సరిదిద్దుకునే పద్ధతి), బిజినెస్ అనాలిసిస్ (ఎవరికి ఏం కావాలో అడిగి తెలుసుకుని రాసిపెట్టే పని) శిక్షణ శిబిరం గురించి వార్త వేశారు. మూడు రోజుల్లో పిల్లలంతా 'పరిశ్రమకు సిద్ధం' అయిపోయారని రాశారు. చదివిన రోజే రాయబోయి, కోపంగా ఉన్నప్పుడు రాయకూడదని ఆగాను. ఇవాళ్టికి నాలుగు రోజులు. కోపం అట్లాగే ఉంది.

నేను బెంగళూరులో పదకొండేళ్లు బిజినెస్ అనలిస్టుగా పనిచేసి, అమ్మానాన్నలను చూసుకోవడానికి ఊరికి తిరిగొచ్చినవాణ్ణి. ఆ పని అన్నం పెట్టింది కాబట్టి దాని పేరుతో జరిగేది చూస్తే కడుపు మండుతుంది. మా మేనల్లుడు ఇలాంటి శిబిరమే ఇంకో కాలేజీలో చేశాడు. ఆరు వేలు కట్టాడు. సర్టిఫికెట్‌కు లామినేషన్ కూడా చేయించుకున్నాడు. చెన్నైలో ఇంటర్వ్యూకు పోతే అడిగిన మొదటి ప్రశ్న: "ఈ యూజర్ స్టోరీలు ఎవరితో మాట్లాడి రాశావు?" యూజర్ స్టోరీ అంటే, వాడబోయే మనిషికి ఏం కావాలో, ఎందుకు కావాలో అతని వైపు నుంచి రాసే చిన్న మాట. మావాడు నోరు మెదపలేదు. ఎవరితోనూ మాట్లాడలేదు మరి. మాట్లాడాలని వాడికి ఒక్కరూ చెప్పలేదు.

వాడి ప్రాజెక్టు మామిడి రైతులకు యాప్. అందులో 26 యూజర్ స్టోరీలు. మొదటిది, రైతు ఈమెయిల్‌తో లాగిన్ కావాలి. రెండోది, పాస్‌వర్డ్ మరిచిపోతే మార్చుకోవాలి. రికార్డు పుస్తకం నున్నగా బైండింగ్ చేయించి ఉంది. సంతకం పెట్టిన సార్‌కైనా 'ఏ రైతయ్యా ఇతను?' అని అడగాలనిపించలేదా?

మామిడి కాలంలో వాణ్ణి బండెక్కించుకుని దామలచెరువు వైపు తీసుకెళ్లాను. గుజ్జు ఫ్యాక్టరీల ముందు ట్రాక్టర్లు వరుస కట్టడం మన చిత్తూరు, తిరుపతి జిల్లాల్లో అందరూ చూసినదే. తోతాపురి లోడుతో వచ్చిన ఒక పెద్దాయన ట్రాక్టర్ నీడలో టవల్ పరుచుకుని కూర్చుని ఉన్నాడు. జేబులో బటన్ ఫోన్. వీడు లాప్‌టాప్ తెరవబోతే వద్దన్నాను, ముందు అడగరా అన్నాను.

"తాతా, మీకు ఫోన్‌లో ఏం తెలిస్తే బాగుంటుంది?"

"మెయిలూ గియిలూ నాకేడిది నాయనా. ఈ పొద్దు తోలితే దించుకుంటారా, రేపు రమ్మంటారా, అది కాయ కోయకముందే చెప్తే చాలు. కోసినాక చెట్టుకు తిరిగి అతుక్కోదు గదా."

"ఎప్పటిలోగా చెప్పాలి?"

"ముందురోజు చీకటి పడేలోపల. ఫోన్ మోగాల. తెలుగులో చెప్పాల. నాకు చదవను రాదు."

మేనల్లుడు కాటా చీటీ వెనక ఆ మాటలు రాసుకున్నాడు. మొదటి మాటే యూజర్ స్టోరీ: ఎవరికి కావాలి, ఏం కావాలి, ఎందుకు కావాలి, మూడూ అందులో ఉన్నాయి. రెండోది యాక్సెప్టెన్స్ క్రైటీరియా, అంటే పని సరిగ్గా అయిందని దేన్ని బట్టి ఒప్పుకోవాలో చెప్పే షరతులు. పెద్దాయన ఏ శిబిరానికీ పోకుండానే చెప్పేశాడు. వీడి 26 స్టోరీల్లో ఇది ఒక్కటి కూడా లేదు.

అసలు యూజర్ స్టోరీని చిన్న కార్డు మీద రాయమన్నది ఎందుకు? చోటు చాలక, మిగిలినది మనిషితో కూర్చుని మాట్లాడి తేల్చుకోవాలని. కార్డు, సంభాషణ, నిర్ధారణ అని అమెరికా సాఫ్ట్‌వేర్ నిపుణుడు రాన్ జెఫ్రీస్ 2001లోనే చెప్పాడు. మన దగ్గర కార్డు ఒక్కటి మిగిలింది. అదే ఏడాది ఫిబ్రవరిలో అమెరికాలోని యూటా రాష్ట్రంలో 17 మంది ప్రోగ్రామర్లు కూర్చుని రాసుకున్న ఎజైల్ మేనిఫెస్టోలో చెప్పిన నాలుగు విలువల్లో మొదటిదే, పద్ధతులూ పనిముట్ల కంటే మనుషులూ వాళ్ల మధ్య మాటలూ ముఖ్యమని. మన శిబిరాల్లో మూడు రోజులూ పనిముట్లే. కంప్యూటర్లో ఒక్కో పనిని నమోదు చేసే టికెట్ ఎట్లా తెరవాలి, ఏ రంగు పెట్టాలి, బోర్డు మీద ఎటు జరపాలి. డైలీ స్క్రమ్ అంటే టీమ్‌లో వాళ్లు పదిహేను నిమిషాల్లో ఆ రోజు పనిని తమలో తాము సర్దుకోవడం. దాన్ని పిల్లలు వరుసగా లేచి సార్‌కు అప్పజెప్పే పాఠంగా మార్చారు. అడ్డంకి ఉందని చెప్పిన పిల్లాడికి తిట్లు. ఇక ఆ పిల్లాడు రేపు ఉద్యోగంలో నోరు తెరిచి నిజం చెబుతాడా?

బిజినెస్ అనాలిసిస్‌కు ప్రామాణికంగా చూసే బాబోక్ గైడ్‌లో ఆరు విభాగాలుంటే, అందులో ఒకటి పూర్తిగా జనాన్ని అడిగి రాబట్టడం, వాళ్లతో కలిసి పనిచేయడం గురించే. మన శిబిరంలో దానికి దక్కింది ఒక స్లయిడ్.

కాలేజీలనే అని ఏం లాభం? ఆఫీసుల్లోనూ ఇదే వరస. మా వీధిలో మురుగు కాలువ మీద పలక విరిగితే యాప్‌లో ఫిర్యాదు పెట్టాను. మూడో రోజు 'మీ సమస్య పరిష్కరించబడింది' అని మెసేజ్. పలక ఇవాళ్టికీ విరిగే ఉంది. మొన్న పాల ప్యాకెట్లు వేసే కుర్రాడి సైకిల్ చక్రం అందులో దిగబడింది. మళ్లీ ఫిర్యాదు పెట్టాను, మళ్లీ పరిష్కారమైపోయింది! ఫిర్యాదు చేసినవాణ్ణి ఒక్క మాట అడగకుండా పని అయిపోయిందని ఎవరు తేలుస్తున్నారు? నేను పనిచేసిన టీముల్లో 'అయిపోయింది' అంటే ఏమిటో అందరూ ముందే ఒప్పుకుని రాసుకునేవాళ్లం. అది తీరకపోతే పని మిగిలి ఉన్నట్టే. రెండు వారాలకోసారి, అయినంతవరకే సరే, వాడబోయే మనిషి ముందు పెట్టి చూపించేవాళ్లం. ఆయన 'ఇది కాదయ్యా నేనడిగింది' అంటే మొహం చిన్నబోయేది. కానీ ఏడాది తర్వాత అనిపించుకోవడం కంటే రెండు వారాలకే అనిపించుకోవడం నయం.

మన పిల్లలకు బుర్ర లేక కాదు. యూనివర్సిటీ ఉన్న ఊరు, ఐఐటీ ఉన్న ఊరు. పక్కనే ఆర్టీసీ బస్టాండ్, రుయా ఆసుపత్రి ఓపీ, పాల కేంద్రాలు, మామిడి మండీలు. పిల్లలు పోయి అడిగి నేర్చుకోవడానికి ఇంతకంటే ఏం కావాలి? మూడు రోజుల శిబిరంలో ఒక్క పూట బయటికి పంపినా చాలు. లేదంటే ఒక కండక్టర్‌నో, ఒక రైతునో క్లాసుకు పిలిచి కుర్చీ వేసి కూర్చోబెట్టండి. నన్ను పిలిచినా ఒక్క రూపాయి తీసుకోకుండా వస్తాను.

మీకూ ఒక విన్నపం. మీరు వేసిన ఫోటోలో వేదిక మీద తొమ్మిది మంది ఉన్నారు, పిల్లలు ఒక్కరూ లేరు. ఈసారి ఇలాంటి వార్త వచ్చినప్పుడు, ఆ పిల్లలు ఎవరి దగ్గరికి పోయి ఏం అడిగొచ్చారో మీ విలేకరితో ఒక్క వాక్యం రాయించండి.

— ఒక పాఠకుడు, బైరాగిపట్టెడ, తిరుపతి