సగం చట్టమైనా రానియ్యాలె

ఎడిటర్ గారికి నమస్తే,

మాది నల్లగొండ జిల్లా, దేవరకొండ దగ్గర పల్లె. అమెరికా తుపాకుల గురించి మీ పేపర్ల వచ్చిన వ్యాసం చదివిన, రాజీపడి తెచ్చే చట్టాలన్నీ కంటితుడుపే, తెస్తే పూర్తిగ తేవాలె లేకుంటే ఊకోవాలె అన్నట్టు రాసిండ్రు. ఆ మాట నాకు అస్సలు నచ్చలే. మా బిడ్డ టెక్సాస్‌ల ఎమ్మెస్ చదువుతున్నది. కాలేజీల చేరిన మొదటి వారమే కాల్పులు జరిగితే ఏం చెయ్యాలెనో వీడియో చూపిచ్చిండ్రట, ముందు ఉరుకు, ఉరకలేకుంటే దాక్కో, అదీ కాకుంటే చేతికందినదాంతోని ఎదురు తిరుగు అని. అది విన్నకాడికెళ్లి వాళ్లమ్మ ఫోను దిండు కిందనే పెట్టుకొని పంటది, మనకు తెల్లారేసరికి వాళ్లకు రాత్రి ఎనిమిది అయితది, రూముకొచ్చిన అని బిడ్డ మెసేజ్ పెట్టేదాక పొయ్యికాడికి పోదు. 2023 మేల డాలస్ దగ్గర అలెన్ మాల్‌ల చనిపోయిన ఎనిమిది మందిల మన హైదరాబాద్ ఆడబిడ్డ కూడా ఉండె కదా.

అమెరికాల శాండీ హుక్ అనే బళ్లె కాల్పులల్ల 20 మంది పిల్లలు, ఆరుగురు పెద్దోళ్లు చనిపోయినంక 2013ల మంచిన్, టూమీ అని రెండు పార్టీల సెనేటర్లు (అక్కడి పార్లమెంటు పెద్దసభ, సెనేట్ సభ్యులు) కలిసి ఒక బిల్లు తెచ్చిండ్రు, గన్ షోలల్ల, అంటే తుపాకులు అమ్మే సంతలల్ల, ఆన్‌లైన్‌ల అమ్మినా కొనేటోని రికార్డు చూడాలె అని. 60 ఓట్లు కావాలె, 54 పడ్డయి, పోయింది. చెప్పుకోదగ్గ చట్టం రావడానికి ఇంకో తొమ్మిదేండ్లు పట్టింది. 2022 మేల టెక్సాస్‌ల యువాల్డీ అనే ఊరి బళ్లె, 18 నిండిన కొద్దిరోజులకే దుకాణంల రెండు రైఫిళ్లు కొన్న పోరడు 19 మంది పిల్లల్ని, ఇద్దరు టీచర్లను చంపినంక గానీ మర్ఫీ, కోర్నిన్ అనే రెండు పార్టీల సెనేటర్లు ఒకకాడ కూసొని మాట్లాడుకోలే. వాళ్లు తెచ్చిన బిల్లు 65-33తో సెనేట్‌ల పాసై జూన్ 25న బైడెన్ సంతకం అయింది. 21 ఏండ్ల లోపు పోరలు కొంటే చిన్నప్పటి కేసులు, మానసిక ఆరోగ్యం రికార్డు చూడాలె, అవసరమైతే పది పనిదినాలు ఆపొచ్చు. రైఫిల్‌కు వయసు 21 చెయ్యాలె అన్నది మాత్రం వదులుకున్నరు, దానికి నాకూ కోపమే. కానీ కోపంల ఉన్న పోరనికి పది రోజులంటే తక్కువ కాదు, మా ఊర్లె కత్తులదాక పోయిన కొట్లాటలు ఒక్క రాత్రి గడిస్తే చల్లబడ్డయి నేను చూసిన.

సాయుధ పోరాటం నడిచిన జిల్లా మాది, తుపాకులు తెల్వని నేల కాదు. అయినా ఎలక్షన్ వస్తే లైసెన్సు ఉన్నోళ్లు కూడా తీస్కపోయి పోలీస్ స్టేషన్ల డిపాజిట్ చేస్తరు, 2019ల ఒక్కొక్కరికి మూడు ఉండొచ్చన్నది రెండుకు తగ్గిచ్చిండ్రు, మా దిక్కు ఎవ్వరూ రోడ్డెక్కలే.

నా భయం గడువుల గురించి. గెట్టు పంచాయితీల పెద్దమనుషులు ఇద్దర్నీ ఒప్పిచ్చి రాయి పాతిస్తరు, గీ రాయి పదేండ్లే అంటే ఎవ్వరన్న ఒప్పుకుంటరా? 1994ల యుద్ధంల వాడేటసొంటి తుపాకుల మీద బ్యాన్ పెట్టి పదేండ్లే అన్నరు, 2004ల అది పోయింది, మళ్ల రాలే. 2022 చట్టంల ఆ చిన్నప్పటి రికార్డులు అడిగే రూలుకు కూడా 2032 సెప్టెంబర్ 30 దాకనే టైం పెట్టిండ్రు. రాజీ వద్దు అని కాదు, ఈ గడువు గురించి మీరు రాయాలె, అక్కడున్న మనోళ్లు వాళ్ల సెనేటర్లకు ఇప్పటికెళ్లే ఫోన్లు చెయ్యాలె. మా బిడ్డతోని పోయినోళ్లల్ల సగం మంది ఆ టైంకు అక్కడ్నే పిల్లల్ని బడికి తోలుతుంటరు.