మట్టి లేని గులాబీలు బయల్దేరుతున్నాయి: ఆర్డరిచ్చినవాళ్లకు కొన్ని సంగతులు

బేర్ రూట్ గులాబీల, అంటే కుండీ, మట్టి లేకుండా ఉత్త వేళ్లతో పంపే నిద్రలో ఉన్న మొక్కల పార్సిళ్లు ఈ వారం నుంచి కదులుతున్నాయి. "డబ్బు కట్టి ఇన్నాళ్లయింది, ఇంకా రాలేదేం?" అని చాలామంది అడిగారు. కావాలనే ఆపాం. పొలంలో మొక్క ఆకు రాల్చి పూర్తిగా నిద్రలోకి వెళ్లేదాకా తవ్వకూడదు. ఆకులతో ఉన్న మొక్కను పీకి మట్టి దులిపేస్తే, ఆకుల్లోంచి నీరు పోతూనే ఉంటుంది, వేళ్లకు పీల్చుకోడానికేమీ ఉండదు. ఈసారి చలి ఆలస్యంగా దిగింది. దాంతోపాటే తవ్వకమూ వెనక్కి జరిగింది.

రెండు గులాబీ రకాలకు వచ్చిన ఆర్డర్లు మొత్తంగా రద్దు చేస్తున్నాం. తవ్వి చూస్తే ఆ వరసల్లో కొన్ని మొక్కలకు మొదలు దగ్గర గరుకు బొడిపెలున్నాయి. అది క్రౌన్ గాల్, అగ్రోబాక్టీరియం అనే బాక్టీరియా గాయాల గుండా దూరి తెచ్చే తెగులు. సోకిన మొక్కను నయం చేసే మందు లేదు, బాక్టీరియా మట్టిలో ఏళ్ల తరబడి బతుకుతుంది. బొడిపె కోసేసి పంపితే మీకు తెలియకపోవచ్చు గానీ, మీ మడిలోకి ఆ జబ్బును మేమే తెచ్చి పెట్టినవాళ్లమవుతాం. బాగున్నట్టు కనిపించిన మొక్కలతో సహా ఆ వరసలన్నీ తగలబెట్టాం. మీ డబ్బు పూర్తిగా వెనక్కి వస్తుంది.

ఇక పెట్టె విప్పాక మీకు కనిపించేది ముళ్ల కట్టెపుల్లల కట్ట. కొత్తవాళ్లు ఇక్కడే కంగారుపడి ఫొటోలు పంపుతారు. కొమ్మ మీద గోటితో కాస్త గీకి చూడండి. లోపల పచ్చగా ఉంటే మొక్క బతికే ఉన్నట్టు. కొమ్మ చివర్లు కొద్దిగా ఎండినా ఫరవాలేదు, పచ్చదనం తగిలేదాకా కోసేయండి. అసలు చూడాల్సింది వేళ్లను. గాలికీ ఎండకూ ఆరిపోతే సన్నవేళ్లు చాలా త్వరగా చచ్చిపోతాయి. గొయ్యి తవ్వుతూ మొక్కను గట్టున పడేయడం అందుకే నాకు నచ్చదు. గొయ్యి సిద్ధమయ్యేదాకా వేళ్లు బకెట్ నీళ్లలోనే ఉండాలి. కొన్ని గంటలు, మహా అయితే రాత్రంతా నానబెట్టండి. ఒక రోజు దాటితే మాత్రం వేళ్లకు గాలందక కుళ్లడం మొదలవుతుంది. వెంటనే నాటే వీలు లేకపోతే నీడలో చిన్న గాడి తీసి, మొక్కల్ని ఏటవాలుగా పడుకోబెట్టి, వేళ్లమీద తడిమట్టి కప్పి ఉంచండి.

రోజుకు కనీసం 6 గంటల ఎండ తగిలే చోటు చూడండి. గొయ్యి 45 సెంటీమీటర్ల వెడల్పు, దాదాపు అంతే లోతు. అడుగున మట్టిని చిన్న దిబ్బలా చేసి దానిమీద మొక్కను కూర్చోబెట్టి, వేళ్లను నాలుగు వైపులా పరవండి. విరిగిన వేళ్లు మాత్రమే కత్తిరించండి. గొయ్యికి సరిపోవడం లేదని వేళ్లు కోయకండి, గొయ్యినే పెద్దది చేయండి. అంటు కట్టిన చోటు ఉబ్బుగా కనిపిస్తుంది. నేల గడ్డకట్టేంత చలి ఉండే ప్రాంతాల్లో అది నేలకు 5 సెంటీమీటర్ల లోపల ఉండాలి. వేడి ప్రాంతాల్లో నేలకు కాస్త పైనే ఉండనివ్వండి. మట్టి సగం నింపాక ఒకసారి నీళ్లు పోయండి, అది ఇంకాక మిగతాది నింపండి.

గొయ్యిలో రసాయన ఎరువూ, మగ్గని పచ్చి పేడా వద్దు. కొత్త వేళ్లను కాల్చేస్తాయి. బాగా మగ్గిన కంపోస్టును మట్టిలో కలిపితే చాలు. పాత గులాబీ పీకిన గొయ్యిలోనే కొత్తది పెడితే సాధారణంగా కోలుకోక గిడసబారిపోతుంది. తప్పనిసరై అక్కడే పెట్టాల్సివస్తే ఆ మట్టి తీసేసి వేరే మట్టి పోయండి.

ఇప్పుడు నేను గట్టిగా చెప్పాలనుకున్న మాట. చిగురొచ్చినంత మాత్రాన మొక్క నాటుకున్నట్టు కాదు. మొదటి చిగురు కొమ్మల్లో, వేళ్లలో దాచుకున్న తిండితో వస్తుంది. అప్పటికి నీళ్లు లాగే కొత్త సన్నవేళ్లు సరిగా పుట్టి ఉండవు. నిగనిగలాడే లేత ఆకులు చూసి మనం నీళ్లు తగ్గిస్తాం, లేదా ఉత్సాహంగా ఎరువు వేస్తాం. సరిగ్గా అప్పుడే ఎండ ముదురుతుంది, చిగురంతా తలవాల్చేస్తుంది. "బాగా వచ్చిన మొక్క ఉన్నట్టుండి పోయింది" అని మాకు వచ్చే ఫిర్యాదుల్లో చాలావాటి కథ ఇదే. నాటగానే కొమ్మల మీదికి మట్టి గానీ ఎండుటాకులు గానీ ఎగదోసి, కన్నులు (కొమ్మ మీద చిగురు పుట్టే చోట్లు) ఉబ్బేదాకా తేమ నిలపండి, ఆపైన మెల్లగా తీసేయండి. వేలు మట్టిలోకి దించి చూసి, లోపల ఆరుతుంటే మొదలు నిండా నీళ్లు పోయండి. పైపైన రోజూ చిలకరిస్తే వేళ్లు కిందికి దిగవు. ఎరువు మొదటి పూత చూశాకే.

అందుకే మా హామీని చిగురు దాకా అని పెట్టలేదు, మొదటి పూత అయ్యేదాకా ఉంచాం. ఈలోపు మొక్క పోతే వేళ్లు కనిపించేలా ఫొటో పంపండి, వేరే మొక్క ఇస్తాం. పెట్టె విప్పకుండా రోజుల తరబడి వదిలేసినవాటికి మాత్రం ఇవ్వలేం.

తర్వాత్తర్వాత మొదట్లోంచి జోరుగా ఒక కొమ్మ లేస్తే అనుమానించండి. ఏడు రేకల (చిన్నాకుల) ఆకుంటే అంటుకు కింద వేళ్లిచ్చే నాటు మొక్కదనీ, ఐదుంటే పైన అంటుకట్టిన అసలు గులాబీదనీ చెప్పే లెక్కను నమ్మొద్దు, మంచి గులాబీల్లోనూ ఏడు రేకలవి చాలా ఉన్నాయి. మట్టి తోడి ఎక్కణ్నించి పుట్టిందో చూడండి. అంటుకు కిందినుంచైతే అది పిలక. కత్తెరతో కోస్తే మళ్లీ మళ్లీ వస్తుంది, మొదటికంటా లాగి పీకేయాలి. ఆకుల మీద నీళ్లు పడకుండా మొదట్లోనే పోస్తే నల్లమచ్చ తెగులు సగం తగ్గినట్టే. మొదటి ఏడాది పూలను పొడుగు కాడలతో కోయొద్దు, ఆకులు ఎంత ఉంటే వేళ్లకు అంత తిండి.

నిజం చెప్పాలంటే ఈ మొక్కలు అందరికీ కావు. కుండీ, మట్టి బరువు లేవు కాబట్టి చౌక, వేళ్లు మొదటినుంచీ మీ నేలలోనే పెరుగుతాయి. కానీ పార్సిల్ వచ్చిన ఒకటి రెండు రోజుల్లో తీరిక చేసుకోలేనివాళ్లు కుండీ మొక్క కొనుక్కోవడమే మేలు. మా దగ్గర కన్నులు చిట్లడం మొదలైన రోజునుంచి బేర్ రూట్ ఆర్డర్లు ఆపేస్తాం, ఎంత అడిగినా పంపం. మిగిలినవి కుండీల్లోకి మార్చి తర్వాత అమ్ముతాం. మీరు ఊళ్లో ఉండని తేదీలేవైనా ఉంటే ఇప్పుడే చెప్పండి, మీ పార్సిల్‌ను తడిమట్టిలో ఉంచి మీరు తిరిగొచ్చాక పంపిస్తాం.